చిన్న దుకాణం – బీమా భారం

కామారెడ్డి జిల్లాలోని రాజంపేట వంటి మండల కేంద్రాలలో బజారు వీధి ఏమంత పొడవుగా ఉండదు. కిరాణా దుకాణం, ఎరువుల దుకాణం, పిండిగిర్ని, బట్టల కొట్టు, మందుల షాపు, మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు - ఊరి వాణిజ్యమంతా ఇంతలోనే ఇమిడి ఉంటుంది. ఇటువంటి వర్తకులలో చాలామందికి ఇల్లూ దుకాణమూ ఒకే కప్పు కింద ఉంటాయి. ముందు గదిలో సరుకు, వెనుక గదిలో సంసారం. పెట్టుబడిలో కొంత పొలం అమ్మగా వచ్చినది, కొంత చిట్టీ ఎత్తగా చేతికందినది, మిగిలినది బ్యాంకు ఇచ్చిన అప్పు. పెద్ద వ్యాపారికి ఒకచోట నష్టం వస్తే మరొకచోటి లాభం ఆదుకుంటుంది. చిన్న వ్యాపారికి ఆ మరొక చోటు ఉండదు. అతని ఆస్తి, ఉపాధి, పిల్లల చదువు అన్నీ ఆ నాలుగు గోడల మధ్యనే ఉంటాయి.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో ఈ ప్రాంతం మీద కనీవినీ ఎరుగని వాన కురిసింది. రాజంపేట మండలంలోని ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు మించి వర్షపాతం నమోదయింది. ఏడాది పొడవునా కలిపి సుమారు 100 సెంటీమీటర్ల వాన కురిసే నేల ఇది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు నీట మునిగాయి, వాహనాలు ప్రవాహంలో కొట్టుకుపోయాయి. 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతిన్నది. భిక్నూర్, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది కట్ట కోతకు గురైంది. సముద్రతీరానికి ఎంతో దూరంలో, మెట్ట నేలల నడుమ ఉన్న ఊళ్లకు వరద ముప్పు ఉండదని అంతవరకు చాలామంది నమ్మారు. ఆ రెండు రోజులు ఆ నమ్మకాన్ని చెరిపివేశాయి.

ఇటువంటి విపత్తు తరవాత ప్రతి దుకాణదారుని ముందూ ఒక ప్రశ్న నిలుస్తుంది. తడిసిపోయిన సరుకు విలువను ఎవరు భరిస్తారు? బీమా ఉంటే ఆ సంస్థ భరిస్తుంది. అయితే బీమా ప్రీమియం కొన్నేళ్లుగా పెరుగుతూ వచ్చిందని, చిన్నవారికి అది మోయలేని బరువుగా మారిందని వర్తకుల ఫిర్యాదు. ఆ పెరుగుదలకు కారణాలేమిటి? దానిని తప్పించుకోవటానికి చిన్న వ్యాపారులు అనుసరిస్తున్న మార్గాలు వారికి మేలు చేస్తున్నాయా, కీడు చేస్తున్నాయా? ఇవి వాణిజ్య శాస్త్రం చదివేవారికే కాక, ఊరిలో ఒక ఇల్లో కొట్టో ఉన్న ప్రతి కుటుంబానికీ అవసరమైన ప్రశ్నలు.

బీమా వెనుక ఉన్న ఆలోచన సులభమైనది. ఒకరికి కలిగే పెద్ద నష్టాన్ని అనేకులు కొద్దికొద్దిగా పంచుకోవటమే బీమా. ఒక్కొక్కటి 10 లక్షల రూపాయల విలువ గల వెయ్యి దుకాణాలు ఉన్నాయనుకుందాం. అనుభవాన్నిబట్టి వాటిలో ఏడాదికి ఒక దుకాణం పూర్తిగా నాశనమవుతున్నదని తేలితే, ఆ 10 లక్షల నష్టాన్ని వెయ్యిమంది పంచుకున్నప్పుడు తలకు వెయ్యి రూపాయలు పడుతుంది. ఎవరి దుకాణానికి ఆపద వస్తుందో ముందుగా తెలియదు కనుక అందరూ ఆ వెయ్యి చెల్లిస్తారు. దీనికి సంస్థ నిర్వహణ ఖర్చు, ఏజెంటు కమిషను, అనుకోని పెద్ద విపత్తుల కోసం దాచవలసిన నిల్వ, కొంత లాభం చేరితే ప్రీమియం అవుతుంది. తెలంగాణ పల్లెలకు ఈ సూత్రం కొత్తది కాదు. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా పథకంలో 18 నుంచి 59 ఏళ్ల రైతుల తరఫున ప్రభుత్వమే ప్రీమియం చెల్లించింది. రైతు మరణిస్తే ఆ కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందే ఏర్పాటు అది. దుకాణం బీమాలోనూ సూత్రం అదే. ప్రీమియం చెల్లించవలసినవాడు మాత్రం దుకాణదారుడే.

ఆస్తి బీమాకు పాశ్చాత్య దేశాలలో అగ్నిప్రమాదాలే బీజం వేశాయి. 1666లో లండన్ నగరం మహాగ్నికి ఆహుతయింది. తరవాత 1680 ప్రాంతంలో నికొలస్ బార్బన్ అనే వ్యాపారి ఇళ్లకు అగ్ని బీమా ప్రారంభించాడు. ఇటుక ఇళ్ల కన్నా కొయ్య ఇళ్లకు రెండింతలు ధర వసూలు చేశాడు. ప్రమాదం ఎక్కువైనచోట ధర ఎక్కువ అన్న నియమం ఆనాడే స్థిరపడింది. భారతదేశంలో 1850లో కలకత్తాలో ఏర్పడిన ట్రైటన్ కంపెనీతో సాధారణ బీమా మొదలయింది. 1973 జనవరి 1 నుంచి ఈ వ్యాపారం జాతీయమయింది. నూటికి పైగా ఉన్న కంపెనీలు నేషనల్, న్యూ ఇండియా, ఓరియెంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు సంస్థలలో విలీనమయ్యాయి. 1999లో చేసిన చట్టంతో ప్రైవేటు కంపెనీలకు మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. బీమా రంగాన్ని క్రమబద్ధం చేసే ప్రాధికార సంస్థ ఏర్పడి, 2001లో తన ప్రధాన కార్యాలయాన్ని హైదరాబాదుకు మార్చుకుంది.

చాలాకాలం పాటు అగ్ని బీమా ధరలను ఒక సలహా సంఘం నిర్ణయించేది. అన్ని కంపెనీలూ అదే ధరను పాటించేవి. 2007 జనవరి 1న ఈ పద్ధతి తొలగిపోయింది. కంపెనీలు వ్యాపారం కోసం ఒకదానితో ఒకటి పోటీపడి రాయితీలు ఇవ్వటంతో ధరలు బాగా పడిపోయాయి. పాలసీదారులు సంతోషించారు. కానీ వసూలైన ప్రీమియం కన్నా చెల్లించవలసిన పరిహారం మించిపోతే ఏ నిధీ నిలవదు. గంపలోకి వచ్చే గింజల కన్నా పోయే గింజలు ఎక్కువైతే గంప ఖాళీ కాక తప్పదు. ధరలు మళ్లీ పెరగటానికి బీజం ఆ రాయితీల కాలంలోనే పడింది.

ఇక్కడ పునర్బీమా అనే ఏర్పాటును గురించి తెలుసుకోవాలి. దుకాణదారుడు తన నష్టభయాన్ని బీమా కంపెనీకి అప్పగించినట్లే, బీమా కంపెనీ తన భారంలో కొంత భాగాన్ని మరింత పెద్ద సంస్థకు అప్పగిస్తుంది. భారతదేశంలో ఆ పని ప్రధానంగా చేసేది ప్రభుత్వ రంగంలోని జి.ఐ.సి. రీ. ప్రపంచస్థాయిలో మ్యూనిక్ రీ, స్విస్ రీ వంటివి ఉన్నాయి. జి.ఐ.సి. రీ 2019 మార్చిలో ఎనిమిది రకాల వ్యాపారాలకు, 2020 జనవరి నుంచి మరెన్నో రకాల వ్యాపారాలకు కనీస ధరలు పాటించాలని షరతు విధించింది. ఆ ధరలకు ఆధారం హైదరాబాదులోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో లెక్కగట్టిన గత నష్టాల వివరాలు. అప్పటివరకు భారీ రాయితీలు పొందిన కొన్ని రకాల వ్యాపారాలకు ప్రీమియం ఒక్కసారిగా రెట్టింపును మించింది. తరవాతి కాలంలో పోటీ పెరిగి ధరలు తగ్గిన సందర్భాలున్నాయి, తిరిగి పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. చిన్న వ్యాపారికి భారంతో పాటు ఈ అనిశ్చితి కూడా ఇబ్బంది కలిగిస్తుంది.

ధర పెరగటానికి రెండవ కారణం విపత్తుల తాకిడి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. 2015 చివరలో చెన్నై వరదలలో మునిగింది. 2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు పొంగి విజయవాడలోని పలు కాలనీలను ముంచివేసింది. ఒకేచోట వేలాది ఆస్తులు ఒకేరోజు దెబ్బతిన్నప్పుడు వెయ్యిమంది పంచుకుందామనుకున్న లెక్క తలకిందులవుతుంది. వెయ్యింటిలో ఒకటి కాక, వంద మునుగుతాయి. ఇటువంటి నష్టాలు ఏ దేశంలో జరిగినా వాటి ప్రభావం పునర్బీమా ద్వారా ఇతర దేశాలకూ పాకుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కార్చిచ్చుల ముప్పు, నిర్మాణ వ్యయం పెరిగాయన్న కారణంతో 2023 మే నెలలో స్టేట్ ఫార్మ్ అనే పెద్ద కంపెనీ కొత్త ఆస్తి పాలసీలు ఇవ్వటం నిలిపివేసింది. ధర పెరగటం మొదటి మెట్టు అయితే, ఏ ధరకూ బీమా దొరకకపోవటం చివరి మెట్టు అని ఆ సంఘటన తెలుపుతుంది.

మూడవ కారణం ఆస్తుల విలువ పెరగటం. సిమెంటు, ఇనుము, కూలి ధరలు పెరిగినకొద్దీ అదే దుకాణాన్ని తిరిగి కట్టటానికి ఎక్కువ ఖర్చవుతుంది. 10 లక్షల దుకాణం విలువ 15 లక్షలయితే, ధర రేటు మారకపోయినా ప్రీమియం ఒకటిన్నర రెట్లవుతుంది.

నాలుగవది పన్ను. 1994లో సాధారణ బీమా మీద 5 శాతంతో సేవా పన్ను మొదలయింది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చేనాటికి అది 15 శాతానికి చేరింది. ఆ తరవాత 18 శాతమయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకు ఈ పన్ను తొలగిపోయింది. దుకాణం బీమాకు ఆ మినహాయింపు వర్తించలేదు. పన్ను నమోదు గల పెద్ద వ్యాపారి తాను చెల్లించిన బీమా పన్నును మరొక పన్నులో తగ్గించుకోగలడు. నమోదు లేని చిన్న దుకాణదారునికి ఆ వీలు లేదు. ఒకే పన్ను పెద్దవాని చేతిలో తేలిపోయి, చిన్నవాని నెత్తిన నిలుస్తుంది.

ఈ భారాన్ని తగ్గించుకోవటానికి చిన్న యజమానులు సాధారణంగా మూడు దారులు తొక్కుతారు. మొదటిది పాలసీ తీసుకోకపోవటం. బ్యాంకు అప్పు ఉన్నంతకాలం బీమా తప్పనిసరి కనుక చెల్లిస్తారు. అప్పు తీరగానే మానివేస్తారు. అప్పటివరకు ప్రీమియం బ్యాంకే ఖాతాలో నుంచి మినహాయించుకున్నది కనుక, పాలసీలో ఏమున్నదో చదివి ఉండరు. అది ఏ తేదీన ముగిసిందో కూడా కొందరికి తెలియదు.

రెండవ దారి కొన్ని ప్రమాదాలను వదులుకోవటం. పూర్వం అమలులో ఉన్న అగ్ని బీమా పాలసీలో తుపాను, వరద వంటి ప్రమాదాల భాగాన్ని వద్దనుకొని కొంత ప్రీమియం తగ్గించుకొనే వీలుండేది. నదికీ సముద్రానికీ దూరంగా ఉన్నవారికి ఇది తెలివైన పొదుపుగా తోచేది. ఆర్గొండలో కురిసిన వాన ఆ తెలివికి తగిన సమాధానం చెప్పింది.

మూడవ దారి అన్నింటికన్నా ప్రచారంలో ఉన్నది, అన్నింటికన్నా ప్రమాదకరమైనది. అది ఆస్తి విలువను తగ్గించి రాయించటం. 20 లక్షల సరుకు ఉన్న దుకాణాన్ని 10 లక్షలకే బీమా చేయిస్తే ప్రీమియం సగమవుతుంది. దుకాణమంతా ఒకేసారి పోదు కదా, నాలుగైదు లక్షల నష్టం వచ్చినా 10 లక్షల పాలసీ చాలుతుంది కదా అని యజమాని భావిస్తాడు. కొన్నిసార్లు బ్యాంకు కూడా తానిచ్చిన అప్పు మేరకే బీమా చేయించి ఊరుకుంటుంది. కానీ ఈ లెక్కను బీమా శాస్త్రం అంగీకరించదు. బీమా పరిభాషలో యావరేజి నిబంధన అనేది ఒకటి ఉన్నది. దాని ప్రకారం ఆస్తి విలువలో ఎంత భాగానికి బీమా చేశారో, నష్టంలోనూ అంత భాగమే కంపెనీ భరిస్తుంది. మిగిలిన భాగానికి యజమాని తనకు తానే బీమా చేసుకున్నట్లు లెక్క. 20 లక్షల సరుకుకు 10 లక్షల బీమా ఉండి 4 లక్షల నష్టం జరిగితే, సగానికే బీమా ఉన్నది కనుక, చేతికి వచ్చేది 2 లక్షలే.

పైపైన చూస్తే ఈ నిబంధన అన్యాయంగా కనిపిస్తుంది. దీనిని సృష్టించినది న్యాయబుద్ధే. ఇద్దరు పొరుగు దుకాణదారులకు చెరి 20 లక్షల సరుకు ఉన్నదనుకుందాం. ఒకరు పూర్తి విలువకు ప్రీమియం చెల్లించి, మరొకరు సగానికే చెల్లించి, 4 లక్షల నష్టానికి ఇద్దరూ 4 లక్షలే పొందితే, నిజాయితీగా చెల్లించినవాడు మోసపోయినట్లే. అందుకే నిబంధన అవసరమయింది. విచారించదగిన విషయం ఏమంటే, ఈ నిబంధన ఉన్నదని చాలామంది చిన్న వ్యాపారులకు సర్వేయరు వచ్చి సరుకు లెక్కించేవరకు తెలియదు. ప్రీమియంలో మిగిలిన కొద్ది వందల రూపాయల కోసం లక్షల రూపాయల పరిహారాన్ని వదులుకున్నట్లు అప్పుడు గాని అర్థం కాదు. చేతులు కాలిన తరవాత ఆకులు పట్టుకోవటమంటే ఇదే.

ఈ ఇబ్బందులను గమనించిన బీమా ప్రాధికార సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే నమూనాలో అందించవలసిన మూడు పాలసీలను ప్రవేశపెట్టింది. ఇళ్లకు భారత్ గృహ రక్ష, ఒకేచోట 5 కోట్ల రూపాయల లోపు ఆస్తి గల వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 కోట్ల నుంచి 50 కోట్ల వరకు గల వాటికి భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. ఊరి కిరాణా కొట్టు మొదలు చిన్న రైసుమిల్లు వరకు చాలా వ్యాపారాలు సూక్ష్మ తరగతిలోకే వస్తాయి. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద, భూకంపం, అల్లర్లు ఇందులో చేరి ఉంటాయి. విలువ 15 శాతం వరకు తక్కువగా నమోదయినా పరిహారంలో కోత ఉండదు. గృహ రక్ష పాలసీలో తక్కువ విలువ కారణంగా కోత విధించే నిబంధననే తొలగించారు. ఏడాదికొకసారి మరచిపోయే ఇబ్బంది లేకుండా ఇంటికి పదేళ్ల వరకు ఒకేసారి బీమా తీసుకోవచ్చు.

అయితే ఈ పాలసీలకూ హద్దులున్నాయి. దొంగతనం నష్టం సాధారణంగా ఇందులోకి రాదు. అగ్నిప్రమాదం, వరద వంటి సంఘటన జరిగిన ఏడు రోజుల లోపల జరిగిన దొంగతనాన్ని మాత్రమే పరిగణిస్తారు. మిగిలిన దొంగతనాలకు వేరే పాలసీ కావాలి. దుకాణం మూతపడిన రోజులలో పోయిన ఆదాయానికి కూడా ఇది పరిహారం ఇవ్వదు. పాలసీ నమూనా అన్ని కంపెనీలకూ ఒకటే అయినా ధర ఒకటి కాదు. కనుక ఒకే ఏజెంటు మాట మీద ఆధారపడక రెండు మూడు కంపెనీల ధరలు పోల్చి చూడటం కొనుగోలుదారుని బాధ్యత.

ఆపద సమయంలో పరిహారం పొందటానికి కాగితాలే సాక్ష్యం. సరుకు కొన్న బిల్లులు, నిల్వల పుస్తకం, బ్యాంకుకు ఇచ్చిన లెక్కలు దుకాణంలోనే ఉంటే వరద వాటినీ తీసుకుపోతుంది. వాటి ప్రతులను మరొకచోట భద్రపరచటం పైసా ఖర్చులేని జాగ్రత్త. నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలపాలి. సర్వేయరు వచ్చేవరకు పాడయిన సరుకును పారవేయక ఫొటోలు తీసి ఉంచాలి. కంపెనీ నిర్ణయం న్యాయంగా లేదనిపిస్తే ముందుగా ఆ కంపెనీకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ పరిష్కారం కాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. సొంత యాజమాన్యంలోని వ్యాపారాలకు, సూక్ష్మ పరిశ్రమలకు ఈ అవకాశం ఉన్నది. దీనికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక చిక్కు మిగులుతుంది. ప్రమాదాన్నిబట్టి ధర ఉండటం న్యాయమని బార్బన్ కాలం నుంచి బీమా రంగం నమ్ముతున్నది. కానీ పల్లపు ప్రాంతాలలో, నాలాల ఒడ్డున తరచుగా ఉండేది స్థలం చవుకగా దొరికినచోట కొట్టు పెట్టుకున్న పేదవారే. ప్రమాదాన్నిబట్టి ధర పెంచితే అవసరం ఎక్కువ ఉన్నవారే బీమాకు దూరమవుతారు. ధరను కృత్రిమంగా తగ్గిస్తే నిధి తరుగుతుంది, చివరకు అందరూ నష్టపోతారు. బీమా కంపెనీ ఒక్కటే ఈ చిక్కును విప్పలేదు. ప్రమాదమే తగ్గితే ధర తగ్గటానికి దారి ఏర్పడుతుంది. ప్రమాదాన్ని తగ్గించటం సమాజం చేతిలో, ప్రభుత్వం చేతిలో ఉన్న పని.

తెలంగాణ నేల మీద ఆ పనికి పూర్వులు వేసిన బాట ఉన్నది. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువులో చేరేటట్లు నిర్మించిన గొలుసుకట్టు చెరువులు కరువులో ఆదుకోవటమే కాక, పెద్ద వానలో నీటి వేగాన్ని అణచేవి. చెరువుల పునరుద్ధరణ కోసం మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలయినది కూడా ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని సదాశివనగర్‌లోనే. చెరువు కట్టను కాపాడటం, అలుగు దారిలో, నాలా మీద ఇళ్లు, కొట్లు కట్టనివ్వకపోవటం సాగునీటికి సంబంధించిన పనులుగానే సాధారణంగా కనిపిస్తాయి. కింది వీధిలోని కిరాణా కొట్టు ప్రీమియంతో వాటికి సంబంధం ఉన్నదని ఎవరూ అనుకోరు. కానీ ఆ సంబంధం ఉన్నది. వరద నీటికి దారి మూసుకుపోయిన ఊరు ఆ మూల్యాన్ని నష్టంగానో ప్రీమియంగానో చెల్లించక తప్పదు.

ప్రీమియం పెరుగుదలకు చిన్న వ్యాపారి కారకుడు కాడు. పునర్బీమా ధరలను, ప్రభుత్వ పన్నును, ఆకాశం నుంచి కురిసే వానను అతడు శాసించలేడు. కానీ పాలసీ కాగితం మీద రాయించే విలువ మాత్రం అతని చేతిలోనే ఉన్నది. ఆ ఒక్క అంకె నిజమైనదైతే, వరద తీసిన రోజున తిరిగి దుకాణం తలుపు తెరవటానికి అతనికి ఆధారం ఉంటుంది. కనుక వ్యాపారి కుటుంబంలో చదువుకొనే పిల్లలు ఈ పాఠం ముగించిన తరవాత ఇంట్లోని పాలసీ కాగితాన్ని ఒకసారి తీసి, అందులోని విలువనూ దుకాణంలోని సరుకు విలువనూ పక్కపక్కన వేసి చూడటం మంచిది.